మొదటి ప్రమాద హెచ్చరిక

మా అన్న కొడుకు న్యూజెర్సీలో ఉంటాడు. ఈ వేసవి సెలవుల్లో రెండు వారాలు మా భద్రాచలం వైపు చర్ల అడవిలో పిల్లలకు చదువు చెప్పిపోతానని ఫోన్ చేశాడు. నేను సంతోషించే లోపే ఒక జాబితా వచ్చి పడింది. "బాబాయ్, ఏమన్నా మరిచిపోయానేమో చూసి చెప్పు." లెక్కపెడితే 43 వస్తువులు. నెత్తికి కట్టుకునే లైటు, నడుముకు కట్టుకునే డబ్బు సంచి, పీలిస్తే వాగునీళ్లు మంచినీళ్లయ్యే గొట్టం, తొమ్మిది జతల మేజోళ్లు, పిల్లలకు పంచడానికి చాక్లెట్లు.

మా వైపు 43 అంటే వేళాకోళం కాదు. భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకొస్తే మొదటి ప్రమాద హెచ్చరిక. 48కి రెండోది, 53కి మూడోది.

ఇలాంటి జాబితాలన్నీ ఒక్క చేతి రాతే. కెన్యా వెళ్లినా, కంబోడియా వెళ్లినా, చర్ల వచ్చినా అవే మేజోళ్లు. దోమ పేరు ఒక్కటే మారుతుంది. దారి చెప్పడంలో కూడా అంతే ధీమా: భద్రాచలం రోడ్ స్టేషన్లో దిగి భద్రాచలం గుడికి నడిచి వెళ్లవచ్చట! ఆ స్టేషన్ ఉన్నది కొత్తగూడెంలో. రాముడి గుడి అక్కడికి సుమారు నలభై కిలోమీటర్లు. స్టేషన్ పేరులో 'రోడ్' అని రైల్వే వాళ్లు నిజాయితీగానే రాసుకున్నారు, చదువుకున్నవాళ్లకే కనబడలేదు.

ఇక ముహూర్తం. అమెరికా వేసవి సెలవులంటే మనకు నడివానలు. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులు పారింది. 1986లో 75.6. వాగులు పొంగితే గూడేనికి దారే ఉండదు, జ్వరాలు మొదలయ్యేదీ అప్పుడే. జాబితాలో పందొమ్మిదోది మడతపెట్టే గొడుగు.

డబ్బు సలహాలైతే ఇంకా ముద్దొస్తాయి. చిన్న నోట్లు ఉంచుకోండి, రెండు చోట్ల దాచుకోండి, ప్రతి ఖర్చుకూ రసీదు అడగండి. రసీదు సంగతి మాకు చెబుతున్నారా! పాల్వంచ తహసీల్దారు కంచర్ల గోపన్న సర్కారు సొమ్ముతో గుడి కట్టి, లెక్క చెప్పలేక గోల్కొండ చెరసాలలో పన్నెండేళ్లు మగ్గాడు. ఆఖరికి రామలక్ష్మణులే తానీషాకు పైకం కట్టి రసీదు పుచ్చుకున్నారని కథ. దేవుడంతటివాడే చేతిరాత తీసుకోకుండా డబ్బు వదల్లేదు. సంతలో చింతపండు అమ్మే అవ్వను మావాడు రసీదు అడుగుతాడు కాబోలు, చూడాలి.

సరే, ఇన్ని మోసుకొచ్చి, చెప్పేది ఏ భాషలో? కోయ పిల్లకు ఇంట్లో వినబడేది కోయ మాట. 2005లో మావోయిస్టుల మీదికి లేచిన సల్వాజుడుం గొడవకు ఛత్తీస్‌గఢ్ నుంచి పారిపోయి వచ్చిన గుత్తికోయల గుంపుల్లో తెలుగే పరాయి భాష, ఇంగ్లీషు దాని తర్వాతి మాట. కోయలో 'ఏరు' అంటే నీళ్లు. పిల్లవాడు దాహమేసి "ఏరు" అంటే, మన సారు వాగు చూడటానికి బయల్దేరాడనుకుని కెమెరా తీస్తాడు. నీళ్ల గొట్టం మాత్రం సంచిలో భద్రంగా ఉంటుంది.

ఆ మాట తెలిసిన పంతుళ్లు లేరా అంటే, ఉన్నారు. ఏజెన్సీ బళ్లలో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకేనని 2000 జనవరిలో జీవో 3 ఇచ్చారు. 2020 ఏప్రిల్లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. డీఎడ్, బీఎడ్ చేసిన కోయ పిల్లలు ఇప్పుడు మిర్చి కోతకు పోతున్నారు, మరీ నిలదొక్కుకున్నవాళ్లు ఆటో తోలుతున్నారు. విద్యా వాలంటీర్లంటూ నెలకు 12,000 ఇచ్చిన రోజుల్లో బళ్లు నడిచింది ఇలాంటి వాళ్లతోనే. మావాడి రానుపోను టికెట్టు లక్షా ఇరవై వేలు అనుకుందాం. ఒక విద్యా వాలంటీరు పది నెలల జీతం. ఈ కూడిక ఏ జాబితాలోనూ, ఏ డబ్బు సలహాలోనూ ఉండదు. ఉంటే విమానం ఎక్కేవాడుండడు, ఫోటో దిగేవాడు అసలే ఉండడు.

పరాయివాడు చదువు చెప్పకూడదని నేననను. వియన్నాలో పుట్టిన మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ నిజాం కాలంలో ఆదిలాబాద్ జిల్లా మార్లవాయికి వచ్చి, అక్కడే గుడిసెలో భార్యతో కాపురం పెట్టాడు. 1943లో గోండులనే పంతుళ్లుగా తీర్చే శిక్షణ కేంద్రం అక్కడ మొదలైంది. గోండు పిల్లలకు గోండి వాచకాలు వచ్చాయి. ఆయన కంటే ముందు ఆయన భార్య పోతే, ఆమెను పాతిపెట్టింది కూడా మార్లవాయిలోనే. ఆయన సామాను ఎంతో నాకు తెలీదుగానీ, తిరుగు టికెట్టు తేదీ మాత్రం సంచి పైన రాసి ఉండదు.

ఇవన్నీ మావాడికి ఫోన్లో చెప్పాను. ఏరు మాట కూడా. కాసేపు మాట్లాడలేదు. నేనేదో మనసు నొప్పించానేమో అనుకున్నా.

"బాబాయ్," అన్నాడు చివరికి, "జాబితా 48 అయింది. ఈ ఏరు అన్నది ఎక్కడ రాయమంటావు, సామాన్ల కిందా, ఖర్చుల కిందా?"