కుళాయి బాబాయి

గృహప్రవేశానికి వచ్చినవాళ్లలో వాస్తు పిచ్చివాళ్లు ఈశాన్యం వెతుక్కుంటారు. ఆడపడుచులు వంటగది అలమరాలు తెరిచి చూస్తారు. కుళాయి బాబాయి మాత్రం వ్రతం రెండో కథలో ఉండగానే "చేతులు కడుక్కొస్తా"నంటూ బాత్రూంలో దూరి గడియ పెట్టుకుంటాడు. లోపల్నుంచి గోటితో టక్కుటక్కుమని కొడుతున్న చప్పుడు.

ఇలాంటి బాబాయి లేని వంశం ఉండదు. ఇంజినీరే కానక్కర్లేదు, సొంతిల్లు ఒకసారి కట్టుకుని దెబ్బతిని ఉంటే చాలు. జేబులో చిన్న అయస్కాంతం తిరుగుతుంటుంది. అది ఇత్తడికి అంటుకోదు, జింకు పోతకీ అంటుకోదు, ప్లాస్టిక్‌కి అసలే అంటుకోదు. కాబట్టి దానివల్ల తేలేదేమీ లేదు. అయినా ఆయన ఆనించి చూసి "ఊఁ" అంటాడు. ఆ "ఊఁ"కి ఇంటాయనకి చెమటలు పడతాయి.

"ఎంతకి తీశావురా?"

ఎంత చెప్పినా జవాబొకటే. "ముంచేశాడు."

"బాగా మెరుస్తోందిగా బాబాయ్."

"మెరుపుదేముంది! అది చాలావరకు కింద ఉన్న నికెల్‌ది. పైన క్రోమియం ఉత్త కాపలా. అది అర మైక్రాను కూడా ఉండదు. నీ తలవెంట్రుక మందంలో నూరో వంతుకి లెక్కరాదు. కింద నికెల్ సరిగ్గా వెయ్యకపోతే ఆ కాపలా ఏం కాస్తుంది? కంటికి కనబడని సందుల్లోంచి నీళ్లు దిగుతాయి. లోపల ఇత్తడైతే పచ్చగా చిలుమెక్కుతుంది, జింకు పోతైతే పైపూత బుడిపెలు లేచి పెచ్చులూడుతుంది."

మనిషి చాదస్తుడే గానీ చెప్పేది అబద్ధం కాదు. అందుకే ఎవరూ ఎదురు చెప్పలేరు. తెల్లమచ్చలు చూపించి "పూత పోతోంది" అన్నవాడిని మాత్రం ఆయన క్షమించడు. "అది పూత కాదయ్యా, నీ బోరు నీళ్లలోని సున్నం! చుక్క ఆరినచోటల్లా మిగులుతుంది. నిమ్మరసంలో ముంచిన గుడ్డ నాలుగు నిమిషాలు చుట్టి కడిగెయ్. రాత్రంతా ఉంచావో, సున్నంతో పాటు పూతకీ నీళ్లొదులుకోవాలి."

బాత్రూం యాసిడ్ సీసా కనబడిందా, ఆయనకి పూనకమే. అందులో ఉండేది హైడ్రోక్లోరిక్ ఆమ్లం, క్రోమియాన్ని తినేస్తుంది. పొయ్యక్కర్లేదు, మూత సరిగ్గా లేకపోతే ఆవిరి చాలు. ఒకరింట్లో ఆ సీసా పట్టుకెళ్లి మేడమీద పెట్టొచ్చాడు. వాళ్లు దొంగతనమనుకుని పనిమనిషిని నాలుగు రోజులు అనుమానించారు.

ఈమధ్య బంగారు రంగు కుళాయిల ఫ్యాషనొచ్చాక ఆయన హుషారు రెట్టింపైంది. "పీవీడీయా, లక్కరా?" అని అడుగుతాడు. లక్కరైతే రెండేళ్లకి గీతలుపడి ఊడుతుందని పెదవి విరుస్తాడు. పీవీడీ అంటే మాత్రం గాలి తీసేసిన గదిలో లోహాన్ని ఆవిరి చేసి పట్టించే పూతని చెప్పి, "జిర్కోనియం నైట్రైడ్" అని సంకల్పం చెప్పినట్టు ఒక్కో అక్షరం విడగొట్టి పలుకుతాడు. పక్కనున్న పురోహితుడికి కూడా గౌరవం కలుగుతుంది.

ఇంత పాండిత్యమూ ఆగేది ఒక్క పిన్ని దగ్గరే. చారు కాచగా మిగిలిన చింతపండు పిప్పితో ఆవిడ వంటింటి కుళాయి తోముతుంటే ఈయన గుండె పట్టుకున్నాడు.

"దేవుడి గిన్నెలు దీంతోనేగా తోముతున్నాను, వాటికేమైంది?"

"అవి నిలువెల్లా ఇత్తడే! పైపొర అరిగితే కింద మళ్లీ ఇత్తడే. దీనికలా కాదు, పైది పోతే పోయినట్టే."

"మరి ఏ పూతా లేని ఒట్టి ఇత్తడి కుళాయే పెట్టించండి. నల్లబడినప్పుడల్లా తోముకుంటాను."

బాబాయికి నోట మాట రాలేదు. మర్నాడు షాపుకెళ్లి అడిగాడు. ఉందట. కుర్రాడు అద్దాల అరలోంచి జాగ్రత్తగా తీసి చూపించాడు. షాపు మొత్తంలో అదే అన్నిటికంటే ఖరీదు.