పూలకుండీ పాము ఆత్మకథ

నేను గుడ్డిపామును. ఫ్లోరిడాలో, మయామీ నగరంలో, ఒక ఇంటి పూలకుండీలో పుట్టాను. చూసినవాళ్లంతా వానపామనుకుంటారు. కాస్త దగ్గరగా చూడండి. నా ఒంటిమీద ఉంగరాలు ఉండవు, నిగనిగలాడే సన్నటి పొలుసులుంటాయి. తలమీది పొలుసు కింద కనిపించే రెండు నల్లచుక్కలే నా కళ్లు. వాటికి వెలుగూ చీకటీ తెలుస్తాయి, అంతే. తోక చివరి చిన్న ముల్లును మట్టిలో ఆనించి ముందుకు జరుగుతాను. నాకు విషం లేదు. చీమల గుడ్లూ చెదల గుడ్లూ నా తిండి.

మా జాతిలో మగపాము ఇంతవరకూ కనబడలేదు. తోడు లేకుండానే గుడ్లు పెడతాం, పిల్లలన్నీ ఆడవే. అందుకే ఒక్కతే చేరినా చాలు, కొత్తచోట వంశం నిలబడుతుంది. మొక్కల వేళ్లమట్టిలో దాగి సముద్రాలు దాటాం. శాస్త్రలోకానికి మేం పరిచయమైంది మాత్రం విశాఖపట్నం నుంచి. అక్కడి పాములను పరిశీలించిన పాట్రిక్ రస్సెల్ 1796 నాటి తన గ్రంథంలో మా బొమ్మ వేయించి, ఊరివాళ్లు చెప్పిన 'రెండు తలల పాము' అనే పేరే రాశాడు. ఆ వివరాల ఆధారంగానే 1803లో మాకు శాస్త్రీయ నామం వచ్చింది.

నాలాగే ఇక్కడికి వచ్చిన మరో పరాయి పాము బర్మా కొండచిలువ. దాన్ని మనుషులు ముచ్చటపడి కొన్నారు, పెరిగాక సాకలేక చిత్తడినేలల్లో వదిలేశారు. ఎవర్‌గ్లేడ్స్ అనే ఆ చిత్తడినేలల్లో అది స్థిరపడిందని 2000 నాటికి తేలింది. అక్కడ అది వేటాడే రకూన్లనే జంతువులు కనబడటం 99 శాతానికి పైగా తగ్గిందని 2012లో ఒక పరిశోధన చెప్పింది. ఆ ఏడాదే కొండచిలువ దిగుమతిని అమెరికా నిషేధించింది. 2017లో తమిళనాడు నుంచి ఇరుల తెగకు చెందిన ఇద్దరు పాముల వేటగాళ్లు వచ్చి, జాడలు చూసి కొండచిలువలను పట్టారు. కానీ దాని సొంత ఆసియా అడవుల్లో అదే పాము తరిగిపోతోంది. ఇక్కడ ఎక్కువై, అక్కడ కరువైంది. రెండుచోట్లా కారణం మనిషే.

ఈ నేల సొంతబిడ్డ ఇండిగో పాము. నీలినలుపు ఒళ్లు, ఎనిమిది అడుగులు దాటే పొడవు. విషం లేకపోయినా గిలకపాములను సైతం మింగేస్తుంది. చలికాలంలో గోఫర్ తాబేళ్లు తవ్విన బొరియల్లో తలదాచుకుంటుంది. పైన్ అడవులు నరికేస్తే తాబేలు పోతుంది, బొరియ పోతుంది, ఇండిగోకు నీడ పోతుంది. 1978 నుంచి చట్టం దానికి రక్షణ ఇస్తోంది. అడవి మిగిలితేనే ఆ రక్షణకు అర్థం.

మనుషులారా, పాము కనబడగానే కర్ర తీయకండి. అది ఏ పామో, ఎలా వచ్చిందో ముందు తెలుసుకోండి. పెంచుకునేముందు అది ఎంత పెరుగుతుందో అడగండి. సాకలేకపోతే అడవిలో వదలకండి. అలాంటి జంతువులను శిక్ష లేకుండా తీసుకునే ఏర్పాటు ఫ్లోరిడా వన్యప్రాణి శాఖ దగ్గరుంది, అక్కడ అప్పగించండి. మీరు వదిలిన ఒక్క పాము మూల్యాన్ని ఒక అడవి మొత్తం చెల్లిస్తుంది.