బటన్ మొనగాళ్లు

స్పోర్ట్స్ కారు కొన్నవాడు తానెంత మొనగాడో లోకానికి చూపించడానికి ఒకప్పుడు నానా తంటాలు పడేవాడు. ఇప్పుడా బాధ లేదు. కారు బొమ్మ, దాని వెనక రెండు వంకర గీతలు ఉన్న బటన్ ఒకటి ఉంటుంది. దాన్ని కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే మీటర్ల మధ్య పసుపు దీపం వెలుగుతుంది. కారు జారకుండా కాసే ట్రాక్షన్ కంట్రోల్, స్టెబిలిటీ కంట్రోల్ ఆగిపోయాయని అర్థం. అంతే. నిన్న సాయంత్రందాకా ఎక్సెల్ షీట్లతో కుస్తీ పట్టిన పెద్దమనిషి పాతకాలపు రేసు వీరుడు ఫాంజియోకి వారసుడైపోతాడు.

‘ట్రాక్షన్ ఆన్‌లో పెట్టుకుని తోలితే అదేం డ్రైవింగ్ అన్నా? మనం కారుని తోలాలి గానీ కారు మనల్ని తోలితే ఎట్లా?’ వినడానికి భలే ఉంటుంది. ఇంతకీ ఈ మాటన్న తమ్ముడి కారు సంగతి చూద్దాం. గేర్లు మార్చేది రెండు క్లచ్చుల పెట్టెలోని కంప్యూటర్. స్టీరింగ్‌ను తేలిక చేసేది కరెంటు మోటారు. యాక్సిలరేటర్‌కీ ఇంజిన్‌కీ మధ్య కేబుల్ కూడా లేదు, తమ్ముడు కాలితో అర్జీ పెట్టుకుంటాడు, కంప్యూటర్ మంజూరు చేస్తుంది. ఏబీఎస్ ఉంది, దాని జోలికి పోడు. అన్నిటికంటే మురిపెం లాంచ్ కంట్రోల్ మీద. సున్నా నుంచి వందకి ఎన్ని సెకన్లో పదిమందికీ చెప్పుకునేది దాని చలవతోనే. టైర్లు వృథాగా గిర్రున తిరగకుండా చక్రాల వేగం చూస్తూ ఇంజిన్‌ను అదుపు చేయడమే దాని పని. అంటే అది ట్రాక్షన్ కంట్రోల్‌కి సొంత తమ్ముడు. పేరులో ‘లాంచ్’ ఉంటే పౌరుషం, ‘ట్రాక్షన్’ ఉంటే పిరికితనం.

ఈ పిరికితనానికి పెద్దన్న స్టెబిలిటీ కంట్రోల్. దాన్ని కనిపెట్టినవాళ్లలో ముఖ్యుడు బాష్ కంపెనీ ఇంజినీరు ఆంటన్ వాన్ జాంటెన్. అది 1995లో మెర్సిడెస్ ఎస్ క్లాస్‌లో మొదటిసారి వచ్చింది. దాని ఆలోచన సూటిగా ఉంటుంది. స్టీరింగ్ ఎంత తిప్పాడో చూసి డ్రైవర్ ఎటు పోదామనుకుంటున్నాడో తెలుసుకుంటుంది. కారు తన నిలువు అక్షం చుట్టూ ఎంత వేగంగా తిరుగుతోందో కొలిచి నిజంగా ఎటు పోతోందో తెలుసుకుంటుంది. బాష్ లెక్క ప్రకారం సెకనుకు 25 సార్లు ఈ రెంటినీ పోల్చి చూస్తుంది. వెనక భాగం బయటికి తన్నుకొస్తుంటే మలుపుకి బయటివైపున్న ముందు చక్రానికి ఒక్కదానికే బ్రేకు వేస్తుంది. ముక్కు తిరగకుండా తిన్నగా పోతుంటే లోపలివైపున్న వెనక చక్రాన్ని పట్టుకుంటుంది. ఇంజిన్ జోరు కూడా తగ్గిస్తుంది. మొనగాడి కాలికింద ఉన్నది ఒకే బ్రేకు పెడల్. నాలుగు చక్రాలకూ ఒకేసారి పడుతుంది. ఫలానా చక్రానికి మాత్రమే బ్రేకు వేయడమన్నది ఫార్ములా వన్ ఛాంపియన్ షూమాకర్ కాలికైనా సాధ్యం కాదు. ఇది నైపుణ్యానికి ప్రత్యామ్నాయం కాదు బాబూ, మనిషికి లేని అవయవం.

అమెరికాలో వారాంతాల్లో పొద్దున ‘కార్స్ అండ్ కాఫీ’ అని కార్లవాళ్ల సంతలు జరుగుతాయి. కాఫీ తాగుతారు, బానెట్లు ఎత్తి చూపిస్తారు, అంతవరకు ముచ్చటే. అసలు నాటకం బయటికి వెళ్లే దారిలో. ఇరువైపులా జనం, చేతుల్లో ఫోన్లు. 480 హార్స్‌పవర్ మస్టాంగ్, అంతా వెనక చక్రాలకే. రాత్రంతా నిలబడి చల్లబడ్డ టైర్లు. ఎవడో ‘కొట్టు, కొట్టు’ అని అరుస్తాడు. బటన్ అప్పటికే నొక్కి ఉంది. కాలు కిందికి పోతుంది, కారు తోక పక్కకి పోతుంది, ఆ పైన కారు జనంలోకే దూసుకుపోతుందని అమెరికాలో మస్టాంగ్ జోకులు విన్న ఎవరైనా చెబుతారు. మస్టాంగ్ తప్పేమీ లేదు పాపం, చెప్పిందల్లా చేసింది. తర్వాత వినాలి సంజాయిషీలు: రోడ్డు మీద ఆయిల్ ఉందట, టైరు కొత్తదట, గాలి ఎక్కువైందట. ఆడలేనివాడి చేతిలో మద్దెల ఒకటే ఓడు. ఈయనకైతే రోడ్డూ టైరూ గాలీ అన్నీ ఓడే.

ఇక తమ్ముడి చివరి బ్రహ్మాస్త్రం: ‘ఫార్ములా వన్‌లో ట్రాక్షన్ కంట్రోల్ లేదు తెలుసా?’ తెలుసు. 1994లో నిషేధించారు. 2001 స్పానిష్ గ్రాండ్ ప్రీ నుంచి మళ్లీ ఒప్పుకున్నారు, 2008లో తీసేశారు. మధ్యలో ఛాంపియన్లు ఎవరయ్యా అంటే షూమాకర్, అలొన్సో, రైకొనెన్. ట్రాక్షన్ కంట్రోల్ వాడినందుకు పరువు పోయిందని వాళ్లెవరూ ట్రోఫీలు తిరిగిచ్చినట్టు వినలేదు. పైగా మొదటి ల్యాప్‌లో వాళ్ల వెనక డాక్టర్‌తో మెడికల్ కారు వెళ్తుంది. మన తమ్ముడి వెనక వచ్చేది సాధారణంగా టిప్పర్.

నిజంగా యంత్రం జోక్యం వద్దనుకునేవాళ్లంటే నాకు గౌరవమే. వాళ్లకోసం 1992 డాడ్జ్ వైపర్ ఉంది. 8 లీటర్ల ఇంజిన్, 400 హార్స్‌పవర్. ఏబీఎస్ లేదు, ఎయిర్‌బ్యాగ్ లేదు, అద్దాల కిటికీలు లేవు, తలుపుకి బయట పిడి కూడా లేదు. లోపలికి చెయ్యి పెట్టి తీసుకోవాలి. అది నిజాయితీ. ఆ వైపర్‌కీ 2013 మోడల్‌లో స్టెబిలిటీ కంట్రోల్ వచ్చింది, అమెరికా చట్టం తప్పించుకోలేక. ఊరికే పెట్టిన చట్టం కాదది. మామూలు కార్లలో ఒంటరి ప్రమాదాలు, అంటే ఎవరూ గుద్దకుండానే తనంతట తాను వెళ్లి దేన్నో గుద్దుకునేవి, దీనివల్ల 34 శాతం తగ్గుతాయని అక్కడి రోడ్డు భద్రతా సంస్థ లెక్కగట్టింది.

బటన్‌కి పనిలేదని కాదు. ఇసుకలోనో మంచులోనో చక్రం కూరుకుపోతే ట్రాక్షన్ కంట్రోల్ ఆపమని మాన్యువలే చెబుతుంది. తొలినాళ్ల వ్యవస్థలు మలుపు మధ్యలో ఇంజిన్ గొంతు నొక్కేసేవి, ఆ విసుగు న్యాయమైనదే. రేస్ ట్రాక్ మీద, పక్కన గురువు కూర్చుని నేర్పుతుంటే, ఆపి నేర్చుకోవచ్చు. కానీ కాలం మారింది. కార్వెట్‌లో వర్షం నుంచి రేసు దాకా ఐదు మెట్లు పెట్టారు. ఫెరారీ 458 స్పెషాలేలో 2013లోనే ‘సైడ్ స్లిప్ కంట్రోల్’ వచ్చింది: కారుని సొగసుగా జారనిచ్చి, ఆ జారుడు చెయ్యి దాటకుండా తనే చూసుకుంటుంది. వీడియోల్లో పొగలేపుతూ మలుపు తిరిగే వీరుల్లో కొందరి చెమట నిజానికి ప్రాసెసర్‌ది.

కంపెనీలకి తమ గిరాకీల సంగతి బాగా తెలుసు. కొన్ని కార్లలో ‘ఆఫ్’ అన్నా పూర్తిగా ఆఫ్ కాదు, గట్టిగా బ్రేకు తొక్కగానే మళ్లీ రంగంలోకి దిగుతుంది. ఇంజిన్ ఆపి స్టార్ట్ చేస్తే అన్నీ ఆన్, అమెరికా నియమం కూడా అలాగే ఉండాలంటుంది. అంటే పెట్రోలు బంకులో ఆగిన ప్రతిసారీ పౌరుషాన్ని కొత్తగా నొక్కుకోవాలి. తమ్ముడు చాలాసార్లు మరిచిపోతాడు. మరిచిపోయిన రోజున వాన రోడ్డు మీద మలుపు ముచ్చటగా తిరిగొచ్చి, ‘చూశావా అన్నా, చేతికి అలవాటైపోయింది’ అంటాడు.