చక్ మోక్ష నిరోధ శాస్త్రం

మోక్షం కోరదగినదని పెద్దలందరూ అన్నారు గానీ, లేత్ మీద తిరిగే చక్ విషయంలో దాన్ని నిషేధించక తప్పదు. అంత ఇనుము స్పిండిల్ బంధం తెంచుకుని బెడ్ మీద పడితే, ఆ ముక్తిఫలం ముందుగా దక్కేది టర్నర్ కాలివేళ్లకే.

కామ్‌లాక్ చక్కులకు ఈ భయం లేదు; అవి ఈ శాస్త్రానికి అనధికారులు. మరతో బిగించే చక్కులకే ఇది వర్తిస్తుంది. ఇంగ్లండు మైఫర్డ్ ఎమ్ఎల్7 లేత్ స్పిండిల్ మూతికి ఇంచికి 12 చొప్పున కుడి మరలుంటాయి. స్పిండిల్ ముందుకు తిరిగేటప్పుడు కోత బలం చక్‌ను వెనక్కి పట్టి ఉంచుతుంది కాబట్టి మర ఇంకా బిగుస్తుంది. ఎంత మోటుగా కోస్తే అంత భక్తి. రివర్స్‌లో అదే కోత విప్పే చెయ్యి అవుతుంది. ఒక్కో చుట్టుకు రెండు మిల్లీమీటర్ల పైచిలుకు వైరాగ్యం!

ఇక్కడ పూర్వపక్షి లేచి, 'నేను కొయ్యను, ఊరికే వెనక్కి తిప్పుతాను' అంటాడు. అమాయకుడు. స్విచ్ నొక్కగానే స్పిండిల్ ఎదురు దూకుతుంది, బరువైన చక్ బద్ధకంగా వెనకబడుతుంది, మర వదులవుతుంది. ముందుకు పరుగెత్తే మిషన్‌ను బ్రేకు వేసి ఠక్కున ఆపినా ఫలితం అదే. అది రివర్స్ పాపం కాదు, తొందర పాపం.

నివారణలో మతభేదాలున్నాయి. గ్రబ్ స్క్రూ వారు చక్ వెనక ప్లేటుకు అడ్డంగా బెజ్జం వేసి, స్పిండిల్ మీది గాడిలోకి స్క్రూ దించుతారు. గాడి లేనిచోట నేరుగా మర మీదే బిగించే మూర్ఖులూ ఉన్నారు. స్క్రూ కింద చిన్న ఇత్తడి ముక్క పెడితే మర బతుకుతుంది. డ్రాబార్ వారు బోలు స్పిండిల్‌లోంచి పొడవాటి కడ్డీ దూర్చి, చక్‌ను వెనక నుంచి నట్టుతో లాగి పడతారు. పద్ధతి గట్టిదే, పొడవాటి రాడ్డును చక్‌లోంచి వెనక్కి పంపాల్సిన రోజున మాత్రం దారి మూసుకుపోతుంది. మూడోవారు విరాగులు: రివర్స్ ఎందుకసలు? ఎడమ మర కొయ్యాలంటే స్పిండిల్‌ను ముందుకే తిప్పి లీడ్ స్క్రూ దిశ మారిస్తే సరి. వీరి వాదమే నాకు సబబుగా తోస్తుంది. కానీ ఇంచి లీడ్ స్క్రూ మీద మిల్లీమీటరు మర కోసేటప్పుడు హాఫ్ నట్ విప్పకూడదు. టూల్‌ను పక్కకు లాగి, మిషన్నే ఎదురు తిప్పి మొదటికి రావాలి. విరాగులు అక్కడ నోరు మెదపరు.

అన్ని మతాలకూ సమ్మతమైనది ఒకటుంది: చక్ ఎక్కించే ముందు కొస వంచిన తీగతో మరల్లోని రజను లాగేసి, స్పిండిల్ భుజాన్ని గుడ్డతో తుడవాలి. వెంట్రుకంత ఇనుప చీలిక భుజం దగ్గర ఇరుక్కున్నా చక్ పూర్తిగా ఆనదు. ఆననిదాన్ని ఏ స్క్రూ కాపాడదు. అలాగని గుద్ది బిగించకండి. ఇరుక్కుపోయిన చక్‌ను విప్పబోయి బ్యాక్ గేర్ పళ్లు రాల్చుకున్నవారు ఈ శాస్త్రానికి రెండో సంపుటం అడుగుతున్నారు.

తీర్పు: తాళం లేని మర చక్‌తో రివర్స్‌లో కోత నిషిద్ధం. రివర్స్ స్విచ్ మీద చెయ్యి వేసే ముందు మీ చక్ వెనక ప్లేటుకు గ్రబ్ స్క్రూ ఉందో లేదో చూసుకోండి.