కామెర్లు కెమెరాకా, మెక్సికోకా?

స్టీవెన్ సోడర్‌బర్గ్ తీసిన ‘ట్రాఫిక్’ (2000) అమెరికా-మెక్సికో సరిహద్దులో మాదకద్రవ్యాల రవాణాను చూపిన నేరచిత్రం. మూలం 1989 నాటి బ్రిటిష్ టీవీ సీరియల్. అందులో సరుకు పాకిస్తాన్ నుంచి యూరప్‌కు, ఇందులో మెక్సికో నుంచి అమెరికాకు.

మారుపేరుతో కెమెరా పట్టిందీ దర్శకుడే. వాషింగ్టన్‌, ఒహాయోలకు చల్లని నీలం పూశాడు, మెక్సికోలోని తిహువానాకు మాడిన పసుపు. సరిహద్దు దాటగానే సూర్యుడికి పచ్చకామెర్లు! ఆ పసుపు హాలీవుడ్‌కు ఎంత నచ్చిందంటే, తర్వాత మెక్సికోను మామూలు వెలుతురులో చూపడమే అరుదైపోయింది.

అమెరికా మత్తుమందుల నిరోధక విభాగానికి కొత్త అధిపతి (మైఖేల్ డగ్లస్) సరిహద్దు తనిఖీకి బయల్దేరతాడు. సరుకు మాత్రం ఆయన ఇంట్లోనే, కూతురి చేతిలో ఉంటుంది. అటు మెక్సికోలో ఓ జనరల్ ఒక ముఠాను అణిచేస్తుంటాడు, ఇంకో ముఠాకు మేలు చేయడానికి. ఇది అతిశయోక్తి అనుకునేవారికి 1997 ఉంది. అక్కడి మాదకద్రవ్య నిరోధక సంస్థ అధిపతి జనరల్ గుతియెరెజ్ రెబోయో ముఠా నాయకుడికి కొమ్ముకాశాడని అరెస్టయ్యాడు. అంతకు కొద్ది వారాల ముందే ఆయన నిజాయితీకి వాషింగ్టన్ యోగ్యతాపత్రం ఇచ్చింది. స్క్రిప్టు రచయితకు అంత ధైర్యం చాలదు.

చిత్రానికి దక్కిన 4 ఆస్కార్లలో ఒకటి తిహువానా పోలీసు పాత్రధారి బెనిసియో డెల్ టోరోది. ఆ పోలీసు అమెరికన్లకు సమాచారమిచ్చి అడిగేది పిల్లల బేస్‌బాల్ మైదానానికి లైట్లు. మాదకద్రవ్యాల మీద యుద్ధం మొత్తంలో ఖర్చుకు తగ్గ ఫలితం కనిపించే పద్దు అదొక్కటే.