హాలిఫాక్స్‌లో ఒక రోజు: ఒళ్లు అలవకుండా, చేతిచమురు వదలకుండా

ఆకులు ఎర్రబడే రోజులొచ్చాయంటే న్యూజెర్సీలో మనవాళ్లు బయోన్ రేవులో ఓడెక్కి కెనడా వైపు బయల్దేరతారు. ఓడ నోవా స్కోషియాలోని హాలిఫాక్స్‌లో ఆగుతుంది. అక్కడే చాలామంది మోసపోతారు. ఓడలో మూడు పూటల తిండికీ ముందే డబ్బు కట్టి, ఆ తిండి వదిలేసి, ఒడ్డున మళ్లీ డబ్బు పోసి, కాళ్లు పీకేలా నడిచి వస్తారు. చూస్తే కడుపు తరుక్కుపోతుంది. నేను మూడుసార్లు వెళ్లాను. కింద చెప్పినవన్నీ చేసి చూసినవే.

1. వాచీ ముట్టుకోకండి. ముందురాత్రి గదిలోకి ఒక కాగితం వస్తుంది, గడియారం గంట ముందుకు జరుపుకోమని. హాలిఫాక్స్‌లో నడిచేది అట్లాంటిక్ టైము, న్యూజెర్సీలోని మన ఎడిసన్ కంటే గంట ముందు. జరిపారంటే గంట నిద్ర పోయినట్టే. ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, ఊగే బల్ల కాలికింద దూర్చండి. ఫోను ఏరోప్లేన్ మోడ్‌లో ఉంచితే రోమింగ్ ఖర్చూ ఉండదు, అదీ ఎడిసన్ టైమే చూపిస్తుంది. వాచీ, ఫోను రెండూ ఒకే మాట చెబుతున్నప్పుడు ఊరివాళ్ల మాట మనకెందుకు?

2. మధ్యాహ్నం భోజనం పొద్దున్నే ఎత్తండి. తిండి ఏదీ ఓడ దాటించొద్దని మైకులో చెబుతూనే ఉంటారు. ఆ గోలలోనే పని కానివ్వాలి. బఫేలో ఒకే ప్లేటు నింపితే అందరూ చూస్తారు, అందుకని నాలుగుసార్లు లేవండి. బన్నులు ఆరు, ఉడకబెట్టిన గుడ్లు నాలుగు, వెన్నపొట్లాలు దొరికినన్ని. ఇంటినుంచి తెచ్చిన ఆవకాయ సీసాకి టిష్యూలు చుట్టి హ్యాండ్‌బ్యాగులో పెట్టండి. ఓడ కార్డు కూడా అందులోనే పడేయండి, వెతుక్కునే పని ఉండదు. మూత కాస్త వదులైతే నూనె దిగుతుంది. టిష్యూ ముందు పసుపు రంగుకి, తర్వాత ఎరుపుకి తిరుగుతుంది. కార్డుకి ఒక పక్క ఆవపిండి అంటుకుని, మిషన్ దాన్ని చదవనని మొరాయిస్తుంది. అది మిషన్ తప్పు. బ్యాగులో ఏముందని ఎవరైనా అడిగితే షుగరుందనండి. షుగరు మాట చెప్పాక మా ఆవిడని ఇంకెవరూ ఏమీ అడగలేదు.

3. అందరూ దిగాక దిగండి. లైను తగ్గుతుంది, బస్సులు వెళ్లిపోతాయి, టూరు కొనమని వెంటపడేవాళ్లు ఉండరు. ఓడ ఆగే చోటే పియర్ 21 ఉంది. 1928 నుంచి 1971 దాకా సుమారు పది లక్షలమంది వలసవాళ్లు కెనడాలో అడుగుపెట్టింది అక్కడే. ఇప్పుడది మ్యూజియం. టికెట్ కొని లోపలికి వెళ్లక్కర్లేదు. వాళ్లూ ఓడ దిగి ఆ గచ్చుమీదే నిలబడ్డారు, మీరూ ఓడ దిగి నిలబడ్డారు, సరిపోయింది. బాత్‌రూములు శుభ్రంగా ఉంటాయి.

4. మోకాలినొప్పి ఎక్కడ మొదలవ్వాలో ముందే అనుకోండి. నాకు సిటడెల్ కొండ మొదట్లో మొదలవుతుంది. పైన కోట ఉంది, రోజూ మధ్యాహ్నం పన్నెండుకి ఫిరంగి పేలుస్తారు. మోత కిందకీ వినిపిస్తుంది కనక ఎక్కడం దండగ. వాలులో పాత గడియారపు బురుజు ఒకటి కనిపిస్తుంది. సైనికులు ఆలస్యంగా వస్తున్నారని ఎడ్వర్డ్ యువరాజు పట్టుబట్టి చేయించాడట. 1803 అక్టోబరునుంచి తిరుగుతోంది. కింద బెంచీ మీద బన్ను తింటూ దాన్ని చూడండి. ఫిరంగి మోగినప్పుడు మన వాచీలో పదకొండే అవుతుంది. అంటే భోజనం గంట ముందే ముగించి, మిగతా రోజంతా మిగుల్చుకున్నాం.

5. టైటానిక్ సమాధులు చూశామని చెప్పండి, వెళ్లకండి. ఫెయిర్‌వ్యూ లాన్ శ్మశానంలో 121 మంది ఉన్నారు. అందులో "జె. డాసన్" అని చెక్కిన రాయి, నంబరు 227. దాని పోస్టుకార్డు ఎక్కడ కనిపించినా కొనకుండా ఫోటో తీసి, "సినిమాలో జాక్ ఇతనే" అని కుటుంబం గ్రూపులో పెట్టండి. నిజానికి అతను జోసెఫ్ డాసన్, ఓడ అడుగున బొగ్గు సర్దే పనివాడు. మా పెద్దత్తయ్య ఆ ఫోటో చూసి ఏడ్చింది. జోసెఫ్ అని చెబితే ఏడ్చేదా?

6. అమెరికా నోటే ఇవ్వండి. పన్నెండు కెనడా డాలర్ల టోపీకి ఇరవై అమెరికా డాలర్ల నోటిస్తే, ఎనిమిది కెనడా డాలర్లు చేతికొస్తాయి. మారకం లెక్కలు అడక్కండి, బుర్ర వేడెక్కుతుంది. ఎలుగుబంటి బొమ్మ ఉన్న రెండు డాలర్ల నాణేలు నాలుగిస్తారు. కాగితం ఇచ్చి లోహం తెచ్చుకున్నాం, జేబు బరువెక్కింది. టాక్సీ డబ్బులు పంచుకుందామని మా బావగారు అన్నప్పుడు ఆ నాణేలే చూపించి, "చిల్లర తప్ప ఏం లేదు బావా" అనేశాను.

7. ఆకులకోసం ఊరు దాటొద్దు. రోడ్డుమీద ఎర్ర మేపుల్ ఆకు ఒకటి ఏరి, కెమెరాకి ఆనించి తీయండి. అడవిలా వస్తుంది.

8. అసలు సరుకు చివరికి ఉంచుకోండి: పెగ్గీస్ కోవ్. 43 కిలోమీటర్లు, టాక్సీలో గంట. పొద్దున్న వెళ్లేవాళ్లు టూరు బస్సుల మధ్య నలిగిపోతారు. మన వాచీలో ఒకటిన్నరకి బయల్దేరితే జనం తిరుగుముఖం పట్టి ఉంటారు. 1915లో కట్టిన తెల్లటి లైట్‌హౌసు, ఏనుగుల్లా బోర్లా పడుకున్న రాళ్లు, చల్లగాలి. తడిసిన నల్లరాళ్ల మీదికి వెళ్లొద్దని బోర్డులుంటాయి. ఈ బోర్డుల మాట మాత్రం వినండి, అలలు లాక్కుపోతాయి, పైగా అంతదూరం నడవాలి. పొడిరాయి చూసుకుని వెల్లకిలా పడుకోండి. ఒక గంట కునుకు.

9. తిరుగు లెక్క తేలిక. ఓడలోకి నాలుగున్నరకల్లా రమ్మంటారు. మన వాచీలో మూడున్నరకి రాళ్లమీంచి లేస్తే నాలుగు ఇరవై ఐదుకి రేవులో ఉంటాం. ఐదు నిమిషాలు మిగులు! ఓడ కదిలేది ఎలాగూ ఐదింటికి. డ్రైవరు అద్దంలోంచి మాటిమాటికీ చూస్తూ, టైము అయిపోయింది సార్ అంటాడు. వాచీ చూపించండి.

10. రేవుకి చేరేసరికి ఓడ నీళ్ల మధ్యలో ఉంటుంది, బాల్కనీల్లోంచి జనం చేతులూపుతారు. మీరూ ఊపండి, అంతమంది మనకోసం నిలబడటం పెళ్లిలో కూడా జరగలేదు. పెట్టెలన్నీ ఓడే మోస్తుంది, మన చేతిలో ఖాళీ ఆవకాయ సీసా తప్ప బరువు లేదు. పాస్‌పోర్టులు గదిలో లాకరులోనే ఉంచండి. మావి లాకరు తెరిచి తీసి, రేవులో ఏజెంటు చేతికి ఇచ్చిపోయారు. పైసా ఇవ్వకుండా ఇంత సేవ! ఏజెంటు ఏమైందని అడిగితే మోకాలు చూపించండి.

11. ఓడ మర్నాడు ఆగేది సెయింట్ జాన్‌లో. రోడ్డున నాలుగు వందల కిలోమీటర్ల పైమాటే. టాక్సీ మాట్లాడుకుంటే అద్దె మాకు ఓడ టికెట్టు అంత అయింది, కానీ దారిపొడవునా ఎర్ర ఆకులే, టూరువాళ్లకి ఒక్క డాలరు కట్టలేదు. సెయింట్ జాన్‌లో సముద్రం పోటెత్తితే నది వెనక్కి పారుతుందట, దాన్ని చూడటానికి తీరిగ్గా వెళ్లండి. అక్కడా అట్లాంటిక్ టైమే. వాచీ ముట్టుకోకండి.