సాక్షీంగిత దర్శనం

1. శాస్త్రావతరణం

విచారణ సంఘం ఎదుట ప్రమాణం చేసిన సాక్షి ఏమి చెప్పాడన్నది పక్కన పెట్టి, ఎలా కూర్చున్నాడు, ఎప్పుడు నీళ్లు తాగాడు, ఎవరి వంక చూసి చూపు మరల్చుకున్నాడు అన్న ప్రమాణత్రయంతో అతని అంతరంగాన్ని నిర్ణయించే విద్యకు సాక్షీంగిత దర్శనమని పేరు. అరవై నాలుగు కళల పట్టికలో ఇది కనిపించకపోవడానికి ఆ గణన నాటికి టెలివిజన్ లేకపోవడమే కారణం గాని, విద్యలో లోపం కాదు.

దీని మూలాలు ప్రాచీనాలు. స్వరం, వర్ణం, ఇంగితం, ఆకారం, చూపు, చేష్ట అనే బాహ్యలింగాలతో మనుషుల అంతర్గత భావాన్ని గ్రహించాలని మనుస్మృతి అష్టమాధ్యాయం ఆదేశించింది. యాజ్ఞవల్క్యస్మృతి మరింత సూక్ష్మంగా పరిశీలించి, ఒకచోట నిలవనివాడూ, పెదవుల మూలలు నాకేవాడూ, నుదుట చెమట పట్టినవాడూ, ముఖం రంగు మారినవాడూ, గొంతు తడారి మాట తడబడినవాడూ దుష్టులని లక్షణాలు చెప్పింది. నేటి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోని ఆర్డర్ 18, రూల్ 12 సైతం సాక్షి వైఖరిపై తన అభిప్రాయాన్ని నమోదు చేసుకొనే వీలు న్యాయమూర్తికి కల్పిస్తున్నది. స్మృతికర్తలు ఈ అధికారాన్ని న్యాయాసనానికి పరిమితం చేయగా, టెలివిజన్ దానిని సోఫా వరకు విస్తరింపజేసింది. ఆసనం మారిందే గాని ప్రక్రియ మారలేదు.

2. అనుబంధ చతుష్టయం

ప్రతి శాస్త్రానికీ విషయ, ప్రయోజన, సంబంధ, అధికారులనే నాలుగు అనుబంధాలు ఉండాలి. ఈ శాస్త్రానికి విషయం సాక్షి శరీరం. ప్రయోజనం, విచారణ ముగియకమునుపే తీర్పు లభించడం. సంబంధం, సాక్షికీ ప్రేక్షకుడికీ మధ్య ఏ సంబంధమూ లేకపోవడం. అధికారి, రిమోట్ చేతిలో ఉన్నవాడు.

అధికారులు త్రివిధులు. శబ్దం పూర్తిగా తగ్గించి బొమ్మను మాత్రమే చూసేవాడు ఉత్తముడు. శబ్దం వినిపిస్తున్నా విననివాడు మధ్యముడు. వినేవాడు అధముడు, అతని గురించి చివరి ప్రకరణంలో చెప్పబడుతుంది.

స్వదేశంలో ఈ విద్యకు లక్ష్యాలు దుర్లభం. మన పార్లమెంటు స్థాయీ సంఘాలూ, సంయుక్త సంఘాలూ తలుపులు మూసుకొని సాక్షులను విచారిస్తాయి. సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనాల విచారణ 2022 సెప్టెంబరు 27 నుంచి ప్రత్యక్ష ప్రసారమవుతున్నా, అక్కడ కనిపించేవారు న్యాయవాదులే గాని సాక్షులు కారు. అందుచేత ఉదాహరణలను అమెరికా కాంగ్రెస్ నుంచీ, కొద్దిగా బ్రిటిష్ పార్లమెంటు నుంచీ గ్రహించవలసి వచ్చింది. వేసవిలో వాషింగ్టన్‌లో ఉదయం 10 గంటలకు మొదలయ్యే విచారణ మనకు రాత్రి 7:30కి లభిస్తుంది గనుక, భోజనమూ శాస్త్రవ్యాసంగమూ ఏకకాలంలో సాగే సౌలభ్యం తెలుగు సాధకుడికి ఉన్నది. 2017 జూన్ 8న ఎఫ్‌బీఐ మాజీ డైరెక్టర్ జేమ్స్ కోమీ సాక్ష్యానికి వాషింగ్టన్‌లో కొన్ని బార్లు వేళకు ముందే తెరుచుకోవడం వల్ల, ఈ విద్యకు పానగోష్ఠి కూడా అంగమని స్థిరపడింది.

3. అభినయ విభాగం

భరతముని అభినయాన్ని ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం అని నాలుగుగా విభజించాడు. మన శాస్త్రం మూడింటిని స్వీకరించి వాచికాన్ని బహిష్కరించింది. సాక్షి పలికే మాటలలో తేదీలు, పేర్లు, మొత్తాలు, ఒప్పందాల క్లాజులు ఉంటాయి. వాటిని అర్థం చేసుకోవడానికి ముందు కొంత చదివి ఉండాలి. చదువు దర్శనానికి విఘ్నం.

(అ) ఆంగికం. దీనికి ఆదిలక్ష్యం 1951 మార్చి నాటిది. వ్యవస్థీకృత నేరాలపై సెనేటర్ కెఫావర్ సంఘం న్యూయార్క్‌లో జరిపిన విచారణలో ముఠానాయకుడు ఫ్రాంక్ కాస్టెల్లో తన ముఖాన్ని ప్రసారం చేయరాదని అభ్యంతరం చెప్పగా, కెమెరా అతని చేతుల మీద నిలిచింది. దేశమంతా ఆ చేతుల వంక చూసింది; అవి ముడుచుకున్నాయి, విప్పారాయి, రుమాలును నలిపాయి. నాట్యశాస్త్రం చెప్పిన 24 అసంయుత హస్తాలలో గాని, 13 సంయుత హస్తాలలో గాని రుమాలు నలపడం లేదు గనుక, భరతుడు విడిచిన ఖాళీని సెనేట్ పూరించిందని విజ్ఞులు గ్రహించాలి. ముఖం దాచుకున్నవాడి చేతులే ముఖమవుతాయన్న హస్తముఖ న్యాయం ఇక్కడే పుట్టింది.

(ఆ) ఆహార్యం. 1987 జూలైలో ఇరాన్–కాంట్రా ఆయుధ వ్యవహారంపై జరిగిన విచారణకు లెఫ్టినెంట్ కల్నల్ ఆలివర్ నార్త్, ఎదపై వరుసలుగా పతకపట్టీలు మెరుస్తుండగా మెరైన్ సైనిక దుస్తులలో వచ్చాడు. కాంగ్రెస్‌ను తప్పుదోవ పట్టించానని వాచికంలో ఒప్పుకున్నాడు. పత్రాలను యంత్రంలో వేసి చింపానని కూడా ఒప్పుకున్నాడు. ఆహార్యం మాత్రం ఏమీ ఒప్పుకోలేదు. అభినందన టెలిగ్రాములు కుప్పలుగా వచ్చాయి, అతని బొమ్మతో చొక్కాలు అమ్ముడుపోయాయి. ఒకే సాక్షిలో వాచికాహార్యాలు పరస్పరం విరోధించినప్పుడు ఆహార్యమే బలీయమన్న సూత్రానికి ఇంతకు మించిన ప్రమాణం అక్కర్లేదు.

(ఇ) సాత్త్వికం. స్తంభం, స్వేదం, రోమాంచం, స్వరభేదం, వేపథువు, వైవర్ణ్యం, అశ్రువు, ప్రలయం అని సాత్త్విక భావాలు ఎనిమిది. ఇవి ఉంటే సాక్షి భయపడ్డాడని అర్థం, భయపడ్డాడు గనుక దోషి. ఇవి లేకపోతే ముందే సాధన చేసుకొని వచ్చాడని అర్థం, సాధన చేశాడు గనుక దోషి. 1973 జూన్ 25న వాటర్‌గేట్ సంఘం ఎదుట వైట్‌హౌస్ మాజీ న్యాయ సలహాదారు జాన్ డీన్ 245 పుటల ప్రకటనను హెచ్చుతగ్గులు లేని ఒకే స్వరంలో రోజంతా చదివి, ఎనిమిదింటిలో ఒక్కటీ ప్రేక్షకులకు దక్కనివ్వలేదు. ఆ నిర్వికారతను ఒక వర్గం సత్యసంధతగానూ, మరొక వర్గం గుండెలేనితనంగానూ గ్రహించింది. వైట్‌హౌస్‌లో సంభాషణలు రికార్డయ్యే ఏర్పాటు ఉన్నదని జూలై 16న వెల్లడైంది. ఆ టేపులు బయటికి వచ్చి డీన్ చెప్పినదాని సారాన్ని బలపరచాయి. అయితే టేపులకు ముఖం లేదు గనుక అవి శాస్త్రపరిధిలోకి రావు.

4. జలపాన ప్రకరణం

నీళ్ల గ్లాసు ఈ శాస్త్రంలో ప్రధాన సాధనం. పానం చతుర్విధం: ప్రశ్నకూ జవాబుకూ మధ్య తాగేది మధ్యపానం, జవాబు ముగించి తాగేది ఉత్తరపానం, ఎవరూ ఏమీ అడగనప్పుడు తాగేది నిర్నిమిత్తపానం, గ్లాసు పెదవిదాకా తెచ్చి తాగక దించేది శూన్యపానం. మొదటిది వ్యూహానికీ, రెండవది ఉపశమనానికీ, మూడవది అపరాధభావనకూ, నాలుగవది ఘోరాపరాధానికీ లింగాలు. దాహం వేసి తాగడమనే ఐదవ భేదాన్ని కొందరు నవీనులు ప్రతిపాదించారు గాని, దానికి ప్రమాణం లేదు.

2018 ఏప్రిల్ 10న సెనేట్‌లోని రెండు సంఘాలు కలిసి ఫేస్‌బుక్ అధిపతి మార్క్ జుకర్‌బర్గ్‌ను ప్రశ్నించాయి. విచారణ దాదాపు ఐదు గంటలు సాగింది. కోట్ల మంది సమాచారం కేంబ్రిడ్జ్ అనలిటికా సంస్థకు ఎలా చేరిందన్నది విచారణకు విషయం. ఆయన నీళ్లు ఎలా గుటకేశాడన్నది శాస్త్రానికి విషయం. రెండవదానిపై వెలువడిన వ్యాఖ్యానాలు మొదటిదానికి తీసిపోలేదు. కుర్చీపై ఆయన కింద అమర్చిన మెత్త గురించి పుట్టిన వివాదం ఆసన ప్రకరణంలో ప్రత్యేక అధికరణమైంది: అది ఎత్తు కోసమా, సుఖం కోసమా? ఎత్తు కోసమైతే దంభం, సుఖం కోసమైతే నిర్లక్ష్యం. మెత్త లేకుండా కూర్చుని ఉంటే ఏమయ్యేదన్న ప్రశ్నకు, అసౌకర్యంగా కదిలాడని నిర్ణయించేవారమని సమాధానం.

5. పృష్ఠస్థ ప్రకరణం

కెమెరా చట్రంలో సాక్షి వెనుక కూర్చున్నవారు పృష్ఠస్థులు. వీరు మాట్లాడరు, ప్రమాణం చేయరు, అయినా సాక్ష్యమిస్తారు. డీన్ వెనుక అతని భార్య కదలక మెదలక కూర్చున్న తీరూ, వెనక్కి బిగించి దువ్విన ఆమె జుట్టూ ఆ వారం దేశంలో ఎన్నో ఇళ్లలో చర్చనీయాంశాలయ్యాయి. 2011 జూలై 19న బ్రిటిష్ పార్లమెంటు సంఘం ఎదుట పత్రికాధిపతి రూపర్ట్ మర్డాక్ జవాబుకూ జవాబుకూ మధ్య పాటించిన దీర్ఘ విరామాలు ఎనభై ఏళ్ల వయసు లక్షణమా, న్యాయవాదుల ఉపదేశమా అని పండితులు వాదించుకుంటుండగా, ఒక ఆగంతకుడు ఆయన ముఖాన నురుగు పళ్లెం విసరడం, వెనుక కూర్చున్న భార్య లంఘించి వాడిని కొట్టడం జరిగింది. ఫోన్ల హ్యాకింగ్ గురించి ఆనాడు అడిగిన ప్రశ్నలు మరుగునపడి, ఆ ఒక్క చేతిదెబ్బ సార్వకాలిక లక్ష్యంగా నిలిచింది.

2017 అక్టోబరులో, 14 కోట్లకు పైగా అమెరికన్ల వివరాలు చోరీ అయిన వ్యవహారంలో ఈక్విఫాక్స్ సంస్థ మాజీ అధిపతి సెనేట్ సంఘానికి జవాబులు చెబుతున్నప్పుడు, మోనోపలీ ఆటలోని ధనికుడి వేషం వేసుకున్న వ్యక్తి వెనుక కూర్చుని ఒంటికంటి అద్దం సవరించుకున్నాడు. 2018 డిసెంబరు 11న గూగుల్ అధిపతి సుందర్ పిచాయ్ విచారణలోనూ ఆ వేషమే వెనుక ప్రత్యక్షమైంది. పృష్ఠస్థుడి మీసం సాక్షి మాటను జయిస్తుందని దీనివల్ల సిద్ధం.

6. మతభేదాలు

సంప్రదాయాలు నాలుగు. కనిపించేదంతా స్వభావమేనని సహజవాదులు. కనిపించేదంతా న్యాయవాదులు నేర్పినదేనని శిక్షణవాదులు. దీపాల వెలుగూ, కెమెరా కోణమూ తప్ప సాక్షి అంటూ ఎవరూ లేరని ఛాయావాదులు. విచారణకు ముందే ఏర్పడిన అభిప్రాయాన్ని సాక్షి ముఖంలో వెతికి పట్టుకోవడమే దర్శనమని పూర్వనిర్ణయవాదులు.

2015 అక్టోబరు 22న బెంఘాజీ దాడిపై వేసిన సంఘం ఎదుట హిల్లరీ క్లింటన్ సుమారు పదకొండు గంటలపాటు సాగిన విచారణ మధ్యలో చెంపకు చేయి ఆనించి కూర్చున్నారు. అది సహనమని ఒకరు, తిరస్కారమని మరొకరు, అభ్యాసమని శిక్షణవాదులు, పక్కనుంచి తీసిన బొమ్మ అని ఛాయావాదులు నిర్ణయించారు. చేయి ఒకటే, చెంప ఒకటే. తీర్పులు మాత్రం ఆమె పార్టీకి ఓటు వేసేవారూ వేయనివారూ అన్న రేఖ వెంట చీలాయి. మిగిలిన మూడు సంప్రదాయాలూ కాలక్రమంలో నాలుగవదానిలో లీనమవుతాయనడానికి ఇదే దృష్టాంతం. రష్యా జోక్యంపై దర్యాప్తు చేసిన రాబర్ట్ ముల్లర్ 448 పుటల నివేదిక 2019 ఏప్రిల్‌లోనే ప్రజల చేతికి వచ్చినా, జూలై 24న ఆయన రెండు సంఘాల ఎదుట కూర్చుని ప్రశ్నలను మళ్లీ చెప్పమని అడిగిన తీరును బట్టే చాలామందికి ఆ నివేదిక విలువ తెలిసింది. గ్రంథాన్ని గ్రంథకర్త గొంతులో చదివే ఈ పద్ధతి పుటకొక క్షణమైనా వెచ్చించని మహాలాఘవం.

7. పూర్వపక్ష ఖండనం

ఈ శాస్త్రానికి ఎదురైన ఆక్షేపాలలో బలమైనది ఒక్కటే, అది విజ్ఞానేశ్వరుడిది. యాజ్ఞవల్క్యుడు చెప్పిన దుష్టలక్షణాలకు మితాక్షరలో వ్యాఖ్య రాస్తూ, ఇవి దోషానికి అవకాశాన్ని మాత్రమే సూచిస్తాయి గాని నిశ్చయాన్ని ఇవ్వవనీ, పుట్టుకతో వచ్చిన వికారమేదో సందర్భవశాన కలిగినదేదో తెలుసుకోవడం కష్టమనీ ఆయన హెచ్చరించాడు. పదమూడవ శతాబ్దిలో మూలఘటిక కేతన ఆ మితాక్షరను ‘విజ్ఞానేశ్వరీయము’గా తెలుగు చేశాడు గనుక, మనకు తెలియదనడానికి కూడా వీలులేదు.

దీనికి సమాధానం త్రివిధం. విజ్ఞానేశ్వరుడి కాలంలో స్లో మోషన్ లేదు. ఉండి ఉంటే నుదుటి చెమట స్వాభావికమో నైమిత్తికమో నాలుగుసార్లు తిప్పి చూసి తేల్చేవాడని మొదటి సమాధానం. సంశయానికి కాలవ్యవధి కావాలి, ప్రకటనల మధ్య అంత వ్యవధి దొరకదని రెండవది. ఆయన వెతికినది సాక్షి విషయంలో నిశ్చయం, ఈ శాస్త్రం సాధించేది ప్రేక్షకుడి నిశ్చయం, అది విచారణకు ముందే సిద్ధంగా ఉంటుంది గనుక ఆక్షేపానికి చోటే లేదని మూడవది. మూడవదే సిద్ధాంతం.

8. ప్రాయశ్చిత్త ప్రకరణం

అధమాధికారి ఎప్పుడైనా ఏమరుపాటున సాక్ష్యాన్ని పూర్తిగా విని, లిఖితప్రతిని తెప్పించి చదివి, తన అభిప్రాయాన్ని మార్చుకుంటే మతభ్రష్టుడవుతాడు. చదివి కూడా మార్చుకోనివాడికి దోషం లేదు, కళ్లకు శ్రమ మాత్రమే. మతభ్రష్టుడు వరుసగా మూడు సాయంత్రాలు ఏదైనా న్యూస్ ఛానెల్ చర్చను శబ్దం లేకుండా చూసి, నలుగురిలో ఎవరు ఓడిపోయారో తడుముకోకుండా చెప్పగలిగితే శుద్ధుడవుతాడు. ఈ పాతకం చేసినవారు మరీ అరుదు గనుక ఇంతకంటే కఠినమైన ప్రాయశ్చిత్తాన్ని విధించే అవసరం ఏ ఆచార్యుడికీ కలగలేదు.